పాత లగ్జరీ కారు: మీటర్ బోర్డు మీద పది దీపాలు వెలిగితే పది లోపాలున్నట్టేనా?

క్లుప్తంగా: పదేళ్లు పైబడిన ఖరీదైన కార్లలో ఒకేసారి నాలుగైదు హెచ్చరికలు వెలగడం మామూలే. అవన్నీ విడివిడి లోపాలు కానక్కర్లేదు. నీరసించిన బ్యాటరీయో, తుప్పు పట్టిన ఎర్త్ వైరో, తడిసిన కనెక్టరో చాలాసార్లు అన్నిటికీ మూలమవుతుంది. స్కానర్ చూపే లోపం కోడ్ ఏ సర్క్యూట్‌లో తేడా వచ్చిందో చెబుతుంది తప్ప ఏ పార్టు మార్చాలో చెప్పదు. వోల్టేజీ, ఎర్త్, తడి చూశాకే కంట్రోల్ యూనిట్ల (కారులోని చిన్న కంప్యూటర్ల) జోలికి వెళ్లాలి.

పదిహేనేళ్ల నాటి బెంజ్ ఈ-క్లాస్‌నో, బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీస్‌నో ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో కొత్త చిన్నకారు ధరకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే కొనొచ్చు. ఢిల్లీలో డీజిల్ కార్లకు 10 ఏళ్లు, పెట్రోల్ కార్లకు 15 ఏళ్లు అని హరిత ట్రిబ్యునల్ పెట్టిన గడువును 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించాక, అక్కడి కార్లు ఎన్‌వోసీతో దక్షిణాదికి రావడమూ ఉంది. కారు ధర పడిపోయింది గానీ దాని విడిభాగాల ధర పడిపోలేదు. అసలు చిక్కంతా ఇక్కడే. ఈ కార్ల ఇంజిన్లు, గేర్‌బాక్సులు సరిగ్గా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు నడుస్తాయి. కొన్నవాళ్లను షెడ్ల చుట్టూ తిప్పేది ఎక్కువగా కరెంటు వ్యవహారమే. ఒక రోజు ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) దీపం, మర్నాడు ఎయిర్‌బ్యాగ్ దీపం, వాన పడిన రోజు రెండూ కలిపి మరో మూడు. ఆ కారు లోపల సమాచారం ఎలా తిరుగుతుందో తెలిస్తే ఈ గందరగోళంలో చాలా భాగం విడిపోతుంది.

స్విచ్ ఇప్పుడు అర్జీదారు

అంబాసిడర్‌లో హెడ్‌లైట్ వెలగకపోతే చూడాల్సినవి నాలుగే: బల్బు, ఫ్యూజు, స్విచ్చు, వైరు. బ్యాటరీ నుంచి కరెంటు స్విచ్ మీదుగా బల్బు దాకా పోయేది. దారి ఎక్కడ తెగిందో టెస్ట్ ల్యాంపు పట్టుకుని వెతికితే దొరికేది. 2002లో వచ్చిన డబ్ల్యూ211 తరం ఈ-క్లాస్‌లో ఆ దారే లేదు. అందులో లైట్ స్విచ్ తిప్పితే బల్బుకు కరెంటు పోదు, ఒక అర్జీ పోతుంది. స్విచ్ ఏ స్థానంలో ఉందో ఒక కంట్రోల్ యూనిట్ చదివి, ఆ సంగతిని రెండు సన్నని వైర్ల మీద సందేశంగా వదులుతుంది. ఇంజిన్ గదిలో ఫ్యూజుల పెట్టెతో కలిసి ఉండే 'శామ్' అనే యూనిట్ దాన్ని అందుకుని బల్బుకు కరెంటు విడుదల చేస్తుంది. బల్బు మాడిపోతే ఆ సంగతి కనిపెట్టి మీటర్ బోర్డుకు కబురు పంపేదీ అదే.

ఈ రెండు వైర్ల పద్ధతి పేరు క్యాన్ బస్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ దీని మీద 1983లో పని మొదలుపెట్టి, 1986లో డెట్రాయిట్‌లో జరిగిన ఆటోమొబైల్ ఇంజినీర్ల సదస్సులో బయటపెట్టింది. 1990ల మొదట్లో బెంజ్ ఎస్-క్లాస్ దీన్ని వాడుకుంది. ఖరీదైన కార్లే ముందు దీనివైపు మొగ్గడానికి కారణం ఉంది. సీటుకు మోటార్లు, అద్దానికి మోటార్, తలుపు మెత్తగా మూసుకునే ఏర్పాటు, నాలుగు జోన్ల ఏసీ... సౌకర్యం పెరిగిన కొద్దీ ఒక్కో తలుపులోకి దూరాల్సిన వైర్లు పెరిగిపోయాయి. అందరూ ఒకే జత వైర్ల మీద మాట్లాడుకుంటే రాగి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది.

డబ్ల్యూ211లో ఇలాంటి బస్సులు ఒకటికి మించి ఉన్నాయి. ఇంజిన్, బ్రేకులు, గేర్‌బాక్సు సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో మాట్లాడుకుంటాయి. తలుపులు, లైట్లు, ఏసీ లాంటివి 83.3 కిలోబిట్ల నెమ్మది బస్ మీద ఉంటాయి. రెండింటి మధ్య దుబాసీగా ఒక గేట్‌వే యూనిట్ పనిచేస్తుంది. పాటలు, ఫోను, తెర మాత్రం వైర్ల మీద కాకుండా 'మోస్ట్' అనే ఆప్టికల్ ఫైబర్ వలయంలో కాంతి రూపంలో తిరుగుతాయి. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డవాళ్లలో ఒకరు చెయ్యి వదిలితే వలయం తెగినట్టే, ఆ రింగులో ఒక్క యూనిట్ చచ్చినా మొత్తం మూగబోతుంది. డాష్‌బోర్డులో రేడియో పలకకపోవడానికి వెనకెక్కడో ఉన్న యాంప్లిఫైయర్ కారణం కావచ్చు. అందుకే తెలిసిన మెకానిక్ రేడియోను ఊడదీయడు. కాంతిని అటు నుంచి ఇటు దాటించే చిన్న లూప్ ప్లగ్గును ఒక్కో యూనిట్ స్థానంలో పెట్టి చూస్తాడు. ఏ యూనిట్‌ను తప్పిస్తే మిగతావి ప్రాణం పోసుకుంటాయో అదే నిందితురాలు.

ఒక్క సెన్సర్, నాలుగు హెచ్చరికలు

ముందు ఎడమ చక్రం దగ్గర వేగం కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. దాని వైరు స్టీరింగ్ తిరిగిన ప్రతిసారీ వంగుతుంది, బురద తింటుంది. పదిహేనేళ్లకు లోపలి రాగి పోగులు తెగడం మొదలవుతుంది. ఆ చక్రం వేగం తెలియకపోతే ఏబీఎస్ పనిచేయలేదు, కాబట్టి దాని దీపం వెలుగుతుంది. కారు పక్కకు జారకుండా చూసే ఈఎస్పీ నాలుగు చక్రాల వేగాలనూ పోల్చి చూస్తుంది. అందులో ఒకటి లేకపోతే అదీ సెలవు పెడుతుంది. క్రూజ్ కంట్రోల్ పనిచేయదు. కొన్ని మోడళ్లలో ముందు, వెనక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే పని కూడా ఏబీఎస్ యూనిట్‌దే కావడంతో బ్రేకు దీపమూ తోడవుతుంది. కారు వేగాన్ని మిగతా యూనిట్లన్నిటికీ చాటేది కూడా ఈ యూనిటే కాబట్టి గేర్‌బాక్సు, స్పీడోమీటరు సైతం సణగవచ్చు.

చూసేవారికి నాలుగు వ్యవస్థలు ఒకేసారి కూలినట్టు కనిపిస్తుంది. తెగింది ఒక్క వైరు. బీఎండబ్ల్యూ ఈ39 (పాత ఫైవ్ సిరీస్), ఈ46 (పాత త్రీ సిరీస్) కార్ల యజమానుల మధ్య ఏబీఎస్, డీఎస్సీ (ఈఎస్పీకి బీఎండబ్ల్యూ పెట్టిన పేరు), బ్రేకు దీపాలు మూడూ కలిసి వెలగడం అంటే అందరికీ తెలిసిన ఫిర్యాదే. అక్కడ సెన్సర్ పోవడం ఒక కారణం, బాష్ 5.7 ఏబీఎస్ కంప్యూటర్ లోపలి సన్నని అతుకులు వేడికి, చలికి వదులవడం ఇంకో కారణం. మీటర్ బోర్డు మీద కనిపించే దీపాలు రెండు సందర్భాల్లోనూ అవే. ఖర్చులో మాత్రం చాలా తేడా.

ఇలాంటి ఉమ్మడి పీడ ఇంకొకటుంది. ఇంజిన్ కంప్యూటర్ చాలా సెన్సర్లకు 5 వోల్టుల సరఫరాను ఒకే లైను నుంచి ఇస్తుంది. ఆ లైను మీద ఏ ఒక్క సెన్సరైనా లోపల షార్ట్ అయితే మిగతావాటికీ 5 వోల్టులు అందవు. స్కానర్‌లో నాలుగు సెన్సర్లూ చెడ్డట్టు కనిపిస్తాయి. నాలుగూ కొనేముందు ఒక్కొక్క దాని ప్లగ్గు ఊడదీస్తూ 5 వోల్టులు ఎప్పుడు తిరిగొస్తాయో చూస్తే అసలు దోషి బయటపడుతుంది.

ముందు బ్యాటరీ

పాత లగ్జరీ కారులో కరెంటు ఫిర్యాదు ఏదైనా మొదటి అడుగు మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గరే. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే మిగిలింది. 12.0 దగ్గరికొస్తే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టేటప్పుడు. ఆ ఒకటి రెండు సెకన్లలో వోల్టేజీ 9.6 కన్నా కిందికి జారితే కంప్యూటర్లు ఒక్కొక్కటిగా స్పృహ తప్పుతాయి. ఒకటి తేరుకుని పక్కదాన్ని పిలుస్తుంది. పక్కదింకా లేవలేదు. 'పలకడం లేదు' అని కోడ్ రాసుకుంటుంది. ఇంజిన్ స్టార్టయ్యాక అన్నీ మామూలుగానే ఉంటాయి గానీ, రాసిన కోడ్లు మాత్రం మెమరీలో ఉండిపోతాయి. స్కానర్ పెట్టినవారికి పన్నెండు యూనిట్లు పాడైనట్టు కనిపించేది ఇందుకే.

ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లో డయోడు దెబ్బతిన్నా ఇలాంటి వింతలే జరుగుతాయి. వోల్టేజీ 14 ఉన్నట్టే చూపిస్తుంది గానీ దాంట్లో అలలు కలుస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టుల మీద పెట్టి బ్యాటరీ మీద చూస్తే, సగం వోల్టు దాటితే ఆల్టర్నేటర్‌ను అనుమానించవచ్చు.

బ్యాటరీ బలహీనత ఎంత పెద్ద విషయమో డబ్ల్యూ211 కథే చెబుతుంది. ఆ కారు తొలి తరంలో పెద్ద బ్యాటరీ డిక్కీలో, చిన్న సహాయక బ్యాటరీ ఇంజిన్ గదిలో ఉంటాయి. రెండోది ఎందుకంటే, ఆ కారు బ్రేకులకు కరెంటు కావాలి. సెన్సోట్రానిక్ లేదా ఎస్‌బీసీ అనే ఆ వ్యవస్థలో పెడల్ మీద కాలు ఎంత వేగంగా, ఎంత గట్టిగా పడిందో సెన్సర్లు చదువుతాయి. చక్రాల దగ్గర ఒత్తిడిని కరెంటు పంపు తయారుచేస్తుంది. కరెంటు పూర్తిగా పోతే ముందు చక్రాలకు మాత్రమే పాత పద్ధతి హైడ్రాలిక్ బ్రేకు మిగులుతుంది. పెడల్ లోతుగా తొక్కాలి. 2004 మేలో బెంజ్ ఈ బ్రేకుల కోసం 6.8 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. 2005 మార్చిలో ఏకంగా 13 లక్షల కార్లను పిలిచింది. ఆల్టర్నేటర్‌లోని వోల్టేజీ రెగ్యులేటర్, ఈ-క్లాస్‌లోనూ సీఎల్ఎస్‌లోనూ బ్యాటరీ కంట్రోల్ యూనిట్ సాఫ్ట్‌వేర్, బ్రేకుల తనిఖీ ఆ జాబితాలో ఉన్నాయి. 2006లో ఈ-క్లాస్‌కు కొత్త రూపు ఇచ్చినప్పుడు ఎస్‌బీసీని తీసేసి మామూలు హైడ్రాలిక్ బ్రేకులకు తిరిగొచ్చింది. దాంతో రెండో బ్యాటరీ కూడా పోయింది.

అందుకే 2006కు ముందరి డబ్ల్యూ211 కొనేవారు ఆ చిన్న బ్యాటరీ వయసు అడగాలి. సౌకర్యాలు తాత్కాలికంగా పనిచేయవనే సందేశం, సీట్లు కదలకపోవడం, వెనక అద్దం ఎండతెర కదలకపోవడం లాంటివి తరచుగా బ్యాటరీ వైపే వేలు చూపిస్తాయి. ఎస్‌బీసీలో ఇంకో మెలిక ఉంది. పంపు ఎన్నిసార్లు పనిచేసిందో కంప్యూటర్ లెక్కపెడుతుంది. నిర్ణీత సంఖ్య చేరగానే పంపు బాగానే తిరుగుతున్నా ఎర్ర హెచ్చరిక ఇస్తుంది. ఆ లెక్కను సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తిప్పి దీపం ఆర్పేసే పద్ధతి బయట నడుస్తోంది. బ్రేకు పంపు వయసును చెరిపేసి కారు అమ్మడం ఓడోమీటరు తిప్పడం కన్నా ప్రమాదం. అలాగే ఈ కారులో ప్యాడ్లు మార్చేముందు స్కానర్‌తో వ్యవస్థను నిద్రపుచ్చాలి. తలుపు తెరిచినా పంపు తనంతట తాను ఒత్తిడి పెంచగలదు. ఆ సమయంలో క్యాలిపర్‌లో వేళ్లుంటే నలిగిపోతాయి.

ఎర్త్ వైరు చేసే మోసం

కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరి మైనస్‌కు తిరిగి చేరాలి. ఆ తిరుగుదారి కారు ఒళ్లే. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య, బ్యాటరీకీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీలుంటాయి. వాటి బోల్టు కింద తుప్పు, పోగుల మధ్య ఆకుపచ్చని చిలుము చేరతాయి. ఇక్కడ మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి 'సున్నా చూపిస్తోంది, బాగానే ఉంది' అనుకుంటే మోసపోయినట్టే. మీటర్ పంపే కరెంటు అతి స్వల్పం. పట్టీలో ఒక్క పోగు మిగిలినా దానికి చాలు.

లెక్క వేస్తే తేలిపోతుంది. పట్టీ నిరోధం 0.01 ఓమ్ అనుకుందాం. లోపలి చిన్న దీపానికి అర ఆంపియర్ పోతే పట్టీ దగ్గర పోయేది 0.005 వోల్టు, ఎవరికీ తెలియదు. సెల్ఫ్ మోటార్ 200 ఆంపియర్లు లాగితే అదే పట్టీ దగ్గర 2 వోల్టులు పోతాయి. దీపాలన్నీ బాగా వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం మూలుగుతుంది, అదే క్షణంలో కంప్యూటర్లు తడబడతాయి.

పరీక్ష సులువే. మల్టీమీటర్‌ను వోల్టుల మీద పెట్టి, ఒక మొన బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండో మొన ఇంజిన్ ఉక్కు మీద ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. 0.2 వోల్టు లోపుంటే ఎర్త్ బాగుంది. అర వోల్టు, వోల్టు చూపిస్తే పట్టీ విప్పి, గీకి, శుభ్రం చేసి బిగించాలి. ఈ పనికి ఉప్పు కాగితం, పానా తప్ప కొత్తగా కొనాల్సిందేమీ లేదు.

నీరు, నూనె, ఎలుకలు

వానాకాలం మొదలయ్యాక కరెంటు ఫిర్యాదులు పెరగడం యాదృచ్ఛికం కాదు. అద్దం కింద, బానెట్ వెనక అంచున వాననీరు దిగిపోయే గాడి ఉంటుంది. దాని అడుగున రెండు మూడు రంధ్రాలు. కానుగ చెట్టు కింద, వేపచెట్టు కింద నిలిపే కారుకు ఈ గాడి ఆకులతో, పూతతో నిండిపోతుంది. రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు నిలిచి, మట్టం పెరిగి, ఏసీ గాలి దారిలోంచో వైర్లు లోపలికి దూరే రబ్బరు బిరడా పక్కనుంచో కారులోకి దిగుతుంది. 1990ల చివరి ఆడి ఏ6, అదే కాలపు ఫోక్స్‌వ్యాగన్ పసాట్‌లలో ఈ నీరు నేరుగా ముందు కార్పెట్ కిందికి చేరుతుంది. తలుపు తాళాలు, అద్దాలు చూసుకునే కంఫర్ట్ కంట్రోల్ యూనిట్‌ను ఆ కార్లలో పెట్టింది సరిగ్గా అక్కడే. రాత్రివేళ అద్దాలు వాటంతట అవే దిగడం, తాళాలు టకటకలాడటం లాంటి 'దయ్యం పట్టిన' లక్షణాలకు అర్థం చాలాసార్లు కార్పెట్ కింద దొరుకుతుంది. పైన ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. కింద ఉన్న మందపాటి స్పాంజి నీరు పీల్చుకుని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. వేళ్లతో గట్టిగా నొక్కితే తెలుస్తుంది.

సన్‌రూఫ్ ఉన్న కార్లలో దాని నాలుగు మూలల నుంచి స్తంభాల లోపలగా నీటి గొట్టాలు దిగుతాయి. అవి పూడుకుపోయినా, ఊడిపోయినా నీరు చేరేది సీట్ల కిందికో డిక్కీ మూలకో. బీఎండబ్ల్యూ ఈ60, ఈ61 (ఫైవ్ సిరీస్) కార్లలో డిక్కీ కుడి పక్కన, స్టెప్నీ గుంత దగ్గర కంట్రోల్ యూనిట్లున్నాయి. గుంతలో నీరు నిలిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు నీటిలో నానిన కార్ల సంగతి ఇంకా వేరు. పైపైన ఆరబెట్టి పాలిష్ పెట్టిన కారు ఏడాది బాగానే తిరగొచ్చు. కనెక్టర్ల లోపల చిలుము మాత్రం నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. సీటు బెల్టును పూర్తిగా లాగి చివరి అడుగులో బురద గీత ఉందేమో చూడటం, సీటు కింది బోల్టుల మీద తుప్పు చూడటం ఇలాంటి కారును గుర్తుపట్టే పాత చిట్కాలు.

నూనె చేసే పని ఇంకా చోద్యం. బెంజ్ ఎం271, ఎం272 ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ సర్దుబాటుకు చిన్న విద్యుదయస్కాంతాలుంటాయి. వయసు మీద పడ్డాక వాటి లోపలి సీలు దాటి ఇంజిన్ ఆయిల్ ప్లగ్గులోకి చేరుతుంది. అక్కడితో ఆగదు. వైరు లోపల రాగి పోగుల మధ్య సందులు దీపపు ఒత్తిలా పనిచేస్తాయి. ఒత్తి నూనెను పైకి పీల్చినట్టే ఆ వైరు ఆయిల్‌ను మెల్లగా, నెలల తరబడి, ఇంజిన్ కంప్యూటర్ దాకా లాక్కుపోతుంది. ప్లగ్గు ఊడదీసి చూపుడు వేలితో తుడిస్తే వేలికి నల్లని జిడ్డు అంటిందంటే కథ మొదలైనట్టు. మధ్యలో చిన్న వైరు ముక్క అదనంగా కలిపి నూనెను అక్కడే ఆపడం దీనికి మందు. 722.6 అనే ఐదు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులోనూ ఇదే తంతు. వైర్లు గేర్‌బాక్సులోకి వెళ్లే చోట ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్ సీలు ఎండిపోతే గేర్ ఆయిల్ వైర్ల గుండా పాకి కంప్యూటర్‌ను తడుపుతుంది. బండి రెండో గేర్లో బిగుసుకుపోతుంది. గేర్‌బాక్సు మొత్తం విప్పాలని అంచనా వేసే ముందు ఆ కనెక్టర్ ఒకసారి లాగి చూడటం న్యాయం.

వైర్ల తొడుగులకూ ఆయుష్షుంది. 1990ల మొదటి సగంలో బెంజ్ కొన్ని ఇంజిన్ల వైరింగ్‌కు పర్యావరణానికి హాని చేయని పదార్థంతో తొడుగు వేసింది. ఇంజిన్ వేడికి అది పెళుసెక్కి పొడి రాలిపోతుంది. మన దేశంలో పుణెలో తయారైన తొలి బెంజ్ డబ్ల్యూ124 ఆ కాలానిదే. ఇప్పుడు అలాంటి కారును ముచ్చటపడి కొంటున్నవారు వైరింగ్ మార్చారా లేదా అన్నది మొదటి ప్రశ్నగా అడగాలి. తలుపుకూ బాడీకీ మధ్య, డిక్కీ మూత మడత దగ్గర రబ్బరు గొట్టంలోంచి వెళ్లే వైర్లలో ఇంకో రకం తెగుడు. తొడుగు పైకి చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల రాగి విరిగి ఉంటుంది. ఒక్కో వైరును వేళ్లతో మెల్లగా లాగితే విరిగినది రబ్బరు బ్యాండులా సాగుతుంది. ఇక ఎలుకల గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పేదేముంది.

దీపాలు చూపే బోర్డే చెడితే

బోర్డు తానే రోగి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. 1995 నుంచి 2003 వరకు తయారైన బీఎండబ్ల్యూ ఈ39లో మీటర్ బోర్డు అడుగున అక్షరాలు చూపే చిన్న తెర ఉంటుంది. దానికి సర్క్యూట్ బోర్డుతో సంబంధం వేడితో అతికించిన సన్నని రిబ్బన్ కేబుల్ ద్వారా. ఎండకు, ఏళ్లకు ఆ అతుకు వదులవుతుంది. ముందు ఒక నిలువు గీత మాయమవుతుంది, తర్వాత అక్షరం, చివరికి మాటంతా. మిట్ట మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో గీతలు ఎక్కువగా పోయి, ఏసీ చల్లబడ్డాక కొన్ని తిరిగొస్తే లోపం ఆ అతుకులోనే. బోర్డు మొత్తం మార్చితే ఓడోమీటరు అంకె, తాళం సంబంధాల కోడింగు మొదటికొస్తాయి. రిబ్బన్ మాత్రం మార్పించడం మేలు.

స్కానర్ చెప్పేది, చెప్పనిది

ఓబీడీ అనే డయాగ్నోస్టిక్ పద్ధతి అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరైంది. మన దేశంలో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలతో పాటు 2010 ఏప్రిల్‌లో ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. దీని పుట్టుక పొగ కాలుష్యం కోసం. అందుకే ఆన్‌లైన్‌లో చవకగా దొరికే బ్లూటూత్ పరికరాలు ఇంజిన్, గేర్‌బాక్సులకు చెందిన 'పీ' కోడ్లు చదవగలవు గానీ, బ్రేకులు, చాసిస్‌కు చెందిన 'సీ' కోడ్లు, బాడీకి చెందిన 'బీ' కోడ్లు, యూనిట్ల మధ్య మాటలు తెగినట్టు చెప్పే 'యూ' కోడ్ల దగ్గర చాలావరకు చేతులెత్తేస్తాయి. ఆ లోతుకు వెళ్లాలంటే బెంజ్‌కు జెంట్రీ, బీఎండబ్ల్యూకు ఇస్టా, ఆడి, ఫోక్స్‌వ్యాగన్‌లకు వీసీడీఎస్ లాంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి. 'స్కానర్ పెట్టాం, ఏమీ చూపలేదు' అని షెడ్డువాళ్లు చెబితే ఏ స్కానర్ అని అడగడం తప్పు కాదు.

కోడ్లను చదివే వరసలోనే పనితనం ఉంది. ముప్పై కోడ్ల జాబితాలో పీ0562, అంటే వోల్టేజీ తక్కువైందన్నది, ఉంటే మిగతావి పక్కనపెట్టి దాంతో మొదలుపెట్టాలి. తర్వాత 'యూ' కోడ్లు. ఎన్ని యూనిట్లు ఎవరి గురించి ఫిర్యాదు చేస్తున్నాయో చూడాలి. ఆరు యూనిట్లు 'ఏబీఎస్ పలకడం లేదు' అంటుంటే, లోపం ఆ ఆరింటిలో లేదు. ఏబీఎస్ యూనిట్, దాని ఫ్యూజు, దాని ఎర్త్, దానికి వెళ్లే బస్ వైర్లు, వెతకాల్సింది ఈ నాలుగు చోట్లే. ఆపైన జాబితా రాసిపెట్టుకుని అన్నీ చెరిపేసి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు పది కిలోమీటర్లు తిప్పి, ఏవి తిరిగొస్తాయో చూడాలి. ముప్పై కోడ్లు మూడుగా మారడం సాధారణం. రాసిపెట్టుకోకుండా చెరపడం మాత్రం సాక్ష్యం తుడిచేయడమే. లోపం ఏ వేగంలో, ఏ వేడిలో నమోదైందో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కోడుతో పాటే పోతాయి.

'వీల్ స్పీడ్ సెన్సర్ సిగ్నల్ నమ్మదగినదిగా లేదు' అన్న కోడ్ సెన్సర్ మార్చమని చెప్పడం లేదు. సెన్సర్, దాని వైరు, ప్లగ్గు, బేరింగులోని అయస్కాంత రింగు, చివరికి ఏబీఎస్ యూనిట్, ఏదైనా కావచ్చంటోంది. కుడి, ఎడమ సెన్సర్లను అటుదిటు మార్చి చూస్తే ఆ కోడ్ సెన్సర్ వెంట వెళ్లిందో, అక్కడే ఉండిపోయిందో తెలుస్తుంది.

బస్ వైర్ల పరీక్షకైతే స్కానరే అక్కర్లేదు. వేగవంతమైన క్యాన్ బస్‌కు రెండు కొసలా 120 ఓమ్‌ల నిరోధకాలుంటాయి. బ్యాటరీ వైరు తీసి రెండు బస్ వైర్ల మధ్య కొలిస్తే చాలా కార్లలో 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నాకు దగ్గరైతే రెండు వైర్లూ ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి.

తెల్లారేసరికి దిగిపోయే బ్యాటరీ

కారు తాళం వేశాక యూనిట్లన్నీ వెంటనే నిద్రపోవు. కొన్నిటికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అన్నీ పడుకున్నాక లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అంటే రోజుకు 1.2 ఆంపియర్ గంటలు. ఒక్క యూనిట్ నిద్రపోక అర ఆంపియర్ లాగుతుంటే రోజుకు 12 ఆంపియర్ గంటలు పోతాయి. 80 ఆంపియర్ గంటల బ్యాటరీ నాలుగో రోజుకు సెల్ఫ్ కొట్టలేని స్థితికొస్తుంది.

చాలామంది చేసే పొరపాటు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ చూడటం. పీకి పెట్టిన ప్రతిసారీ పడుకున్న యూనిట్లు లేచి కూర్చుంటాయి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. దానికన్నా తలుపు లాకును స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి, బండికి తాళం వేసి, తాళంచెవి దూరంగా పెట్టి, గంటసేపు వదిలేయాలి. తర్వాత ఒక్కో ఫ్యూజు నెత్తిన ఉండే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవాలి. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా ఉంటుంది. కొన్ని మిల్లీవోల్టులు కనిపించిన ఫ్యూజు వెనకే దొంగ ఉన్నాడు.

యూనిట్ మార్చేముందు

అన్నీ చూశాక నిజంగానే యూనిట్ పోయిందని తేలితే కొత్త చిక్కు మొదలవుతుంది. ఈ తరం కార్లలో చాలా యూనిట్లు ఆ కారు ఛాసిస్ నంబరుకు ముడిపడి ఉంటాయి. పాత సామాన్ల మార్కెట్లో తెచ్చిన యూనిట్ బిగించగానే పనిచేయదు. ఈ కారుకు తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌తో కోడింగు చేయాలి. తాళానికి, దొంగతనం నిరోధానికి సంబంధించినదైతే పాత యజమాని వివరాలు చెరిపితే తప్ప అసలు ఒప్పుకోదు. బీఎండబ్ల్యూలోనైతే మామూలు బ్యాటరీ మార్చినా కొత్త బ్యాటరీ వచ్చిందని కంప్యూటర్‌లో నమోదు చేయాలి. లేకపోతే పాత ముసలి బ్యాటరీకి చేసిన పద్ధతిలోనే చార్జింగు చేస్తుంది.

మార్చకుండానే బాగయ్యే యూనిట్లూ చాలా ఉన్నాయి. బీఎండబ్ల్యూ ఈ90 (త్రీ సిరీస్) కార్లలో లైట్లు, అద్దాలు చూసుకునే ఎఫ్ఆర్ఎం యూనిట్ బ్యాటరీ ఊడదీసి పెట్టాకో, వోల్టేజీ పడిపోయాకో ఉన్నట్టుండి చచ్చిపోతుంది. అందులో చెడేది తరచుగా మెమరీలోని సమాచారమే. ఆ సమాచారాన్ని తిరిగి రాస్తే యూనిట్ లేస్తుంది. డబ్ల్యూ204 తరం బెంజ్ సీ-క్లాస్‌లో తాళం తిప్పినా మీటర్ బోర్డు వెలగకపోతే ఇంజిన్ కంప్యూటర్‌ను అనుమానించేముందు స్టీరింగ్ లాకులోని చిన్న మోటార్ అరిగిందేమో చూడాలి. బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత ఈఎస్పీ దీపం వెలిగితే, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి తిప్పితే చాలాసార్లు ఆరిపోతుంది. స్టీరింగ్ కోణం చదివే సెన్సర్ మధ్యస్థానాన్ని మర్చిపోయింది, అంతే.

కొనేముందు పరీక్షకు తీసుకెళ్లేవారు ఒకటి గమనించాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళాన్ని ఇగ్నిషన్ ఆన్ అయ్యే మెట్టుకు తిప్పినప్పుడు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, చెక్ ఇంజిన్ దీపాలు అన్నీ ముందు వెలిగి, కొన్ని సెకన్లకో ఇంజిన్ స్టార్టయ్యాకో ఆరిపోవాలి. అసలు వెలగని దీపం ఉంటే, లోపం బయటపడకుండా దాని బల్బు తీసేసి ఉండొచ్చు. వెలిగే దీపం కన్నా దాని గురించే ఎక్కువ అడగాలి.